లాన్స్‌డౌన్ మబ్బులో ఒక ఈల

నాకు ఈల వేయడం వచ్చు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఎవరైనా తీసి చదువుతారేమోనని అందులో కూడా రాసుకోలేదు.

వచ్చు అంటే పెదాలు ముడిచి గాలి ఊదడం కాదు. రెండు వేళ్లు నాలిక కింద పెట్టి వేశానంటే వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. బాపట్లలో మా డాబా మీద చిన్నప్పుడు కోయిలతో పోటీపడి నేర్చుకున్నాను. కోయిలకి రోషం వచ్చి ఇంకా గట్టిగా కూసేది. ఒకరోజు మా నాయనమ్మ చీపురు పట్టుకుని మెట్ల మీద ఎదురైంది. ఆ రోజు నుంచి నా ఈల ఇంట్లోకి వెళ్లిపోయింది, దిండులోకి, దుప్పటిలోకి. నోయిడాలో ఉద్యోగం వచ్చాక దానికొక చోటు దొరికింది. మా ఆఫీసులో కరెంటు పోతే డాబా మీద జనరేటర్ వేస్తారు. అది మొదలవగానే నేను టీ కప్పు పట్టుకుని పైకి వెళ్లి, దాని పక్కన నిలబడి, పాటలకి పాటలు ఈల వేసి వచ్చేదాన్ని. ఎవరికీ వినిపించేది కాదు. నాకూ వినిపించేది కాదు.

అందుకే వరలక్ష్మి ఆంటీ "మాతో కొండలకి వస్తావా అమ్మాయ్" అనగానే నా మనసులో మెదిలింది ఒక్కటే. ఎవరూ లేని కొండ అంచున నిలబడి, ఒక్కసారి నిండుగా ఈల వేసి, నా ఈల ఎలా ఉంటుందో నేను వినాలి. ఎదురు కొండ దాన్ని తిరిగి ఇస్తుందని పుస్తకాల్లో చదివాను. ఇస్తుందో లేదో చూడాలి.

ఆంటీవాళ్లది ఢిల్లీ పక్కన వైశాలిలో మొదటి అంతస్తు. నేనుండేది అదే బిల్డింగులో డాబా మీది గది. ఆఫీసు నుంచి ఆలస్యమైతే కింద గేటు తాళం వేసి ఉంటుంది. కింద నిలబడి ఆంటీకి మిస్డ్ కాల్ ఇస్తే, ఆవిడ బాల్కనీలోంచి తాళంచెవి రుమాల్లో చుట్టి పడేస్తారు. ఆదివారం ఆదివారం మా అమ్మకి ఫోన్ చేసి నేను ఏం తిన్నానో, ఎన్నింటికి వచ్చానో చెబుతారు. అంటే ఆంటీ చెవిన పడ్డది ఏదైనా ఆదివారానికి బాపట్ల చేరుతుంది. ఇది పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

గంగ దాకా

మూర్తి అంకుల్ సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. కొండల్లో పౌడీ అనే ఊళ్లో ఆయన స్నేహితుడి గృహప్రవేశం ఉంది. దారిలో లాన్స్‌డౌన్ అనే చిన్న ఊళ్లో రెండు రోజులు ఆగుదామని ప్లాను. వాళ్ల మారుతీ వ్యానులో ముందు అంకుల్, ఆంటీ. వెనక నేను, వాళ్లమ్మాయి శ్రావ్య. శ్రావ్య ఏడో క్లాసు. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

అంకుల్ బండి నడిపే తీరు ఫైలు నడిపినట్టే. ట్రాక్టరు వెనక వస్తే పక్కకి జరిగి దారి ఇస్తారు. మోదీనగర్‌లో ఆగి నల్ల ఉప్పు, జీలకర్ర వేసిన నిమ్మరసం తాగాం. శికంజీ అంటారు. మేరఠ్ దాటాక దుకాణాల ముందు బెల్లం దిమ్మలు గుట్టలుగా ఉన్నాయి. ఆంటీది అనకాపల్లి. చిన్న ముక్క చప్పరించి, "మా ఊరి బెల్లం ముందు ఇదేపాటిది" అని, రెండు దిమ్మలు కొన్నారు.

బిజ్నోర్ దగ్గరపడుతుండగా శ్రావ్య మూతి ముడిచి ఫూ ఫూ అని ఈల ప్రయత్నం మొదలుపెట్టింది. ఆంటీ వెనక్కి తిరగలేదు.

"శ్రావ్యా, మూతి తిన్నగా పెట్టు. ఆడపిల్ల ఈలేస్తే ఇంట్లో లక్ష్మి నిలవదు."

"క్యోం మమ్మీ? లక్ష్మీజీ కో మ్యూజిక్ పసంద్ నహీ హై క్యా?" లక్ష్మీదేవికి సంగీతం ఇష్టం లేదా అని దాని అనుమానం.

"మనింటి లక్ష్మి ఒకటో తారీఖున వచ్చి వారం తిరక్కుండా వెళ్లిపోతుందమ్మా," అన్నారు అంకుల్. "ఈలల దాకా ఎక్కడ ఆగుతుంది?"

"మీరు రోడ్డు చూడండి." ఆంటీ నావైపు తిరిగారు. "ఉషని చూసి నేర్చుకో. మా ఉష నోరు విప్పితే ముత్యాలు రాలతాయా అన్నట్టుంటుంది."

నేను కిటికీలోంచి చెరకుతోటలు చూశాను. చాలా శ్రద్ధగా చూశాను.

గంగ మీది బ్యారేజీ పక్కన బండి ఆపాం. ఆంటీ దిగి, అందరి నెత్తినా నీళ్లు చల్లి, వ్యాను నెత్తిన కూడా చల్లారు. ఎండాకాలం కదా, నీటికన్నా ఇసుకే ఎక్కువ. కానీ ఆ ఇసుక మీదనుంచి వచ్చిన గాలికి నా చున్నీ ఎగిరి అంకుల్ ముఖాన పడితే, ఆయన దాని లోపల్నుంచే "గంగమ్మ తల్లీ" అని దణ్ణం పెట్టుకున్నారు. నాకు నవ్వు మొదలైంది. అది రెండు రోజులదాకా పూర్తిగా ఆగలేదు.

దుగడ్డా మలుపులు

కోట్‌ద్వార్ దాటగానే రోడ్డు ఒక్కసారిగా లేచి నిలబడింది. కొండ ఇంత దగ్గరగా ఉంటుందని నాకు తెలియదు. చెయ్యి బయట పెడితే తగిలేలా ఒకవైపు రాయి, ఇంకోవైపు ఏమీ లేదు, గాలి. ప్రతి మలుపుకీ నా కడుపులో ఏదో ఎగిరేది. భయం కాదు. ఉయ్యాల పైకి పోయినప్పుడు ఉండేది.

వాంతులు రాకుండా ఆంటీ అందరికీ ఎండు ఉసిరికాయ ముక్కలు పంచారు. నిమ్మకాయలు వాసన చూడమన్నారు. తల వంచొద్దు, దూరం చూడండి అని మాకు పాఠం చెప్పారు. తీరా దుగడ్డాలో దిగి వాంతి చేసుకున్నది ఆవిడ ఒక్కరే. టీకొట్టు ముసలాయన ఏమీ అడక్కుండా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు, ఉప్పు వేసిన నిమ్మచెక్క తెచ్చాడు. డబ్బులిస్తే టీకి మాత్రమే తీసుకున్నాడు. "కొండకి కొత్తవాళ్లు ఇచ్చుకోవాల్సింది కొండకి ఇచ్చేశారు కదా," అన్నాడట హిందీలో. అంకుల్ దాన్ని పౌడీ దాకా అందరికీ చెప్పారు.

అక్కడే మొదటిసారి కాఫల్ పళ్లు తిన్నాను. నేరేడు పండు చెల్లెలు అనుకోండి, ఎర్రగా, గింజ పెద్దది, గుజ్జు కాస్త. కాగితప్పొట్లం ఐదు రూపాయలు. పొట్లంలో ఉప్పు చల్లి కుదిపి ఇస్తారు. పులుపుకి ఒక కన్ను దానంతటదే మూసుకుంటుంది. శ్రావ్య, నేను ఒకరికొకరం కన్ను గీటుకుంటూ లాన్స్‌డౌన్ చేరాం.

బీనా దీదీ ఇల్లు

లాన్స్‌డౌన్ మిలటరీవాళ్ల ఊరు. రోడ్ల పక్క రాళ్లకి సున్నం, చెట్ల మొదళ్లకి సున్నం, ఎక్కడా చిత్తు కాగితం లేదు. ఊరు ఎంత చిన్నదంటే బజారు మొదలైందనుకునేలోపు అయిపోయింది. మాకు గదులిచ్చిన బీనా దీదీ ఇల్లు బజారుకి పైన, దేవదారు చెట్ల మధ్య ఉంది. గదికి నాలుగు వందలు, వేడినీళ్ల బకెట్టు పది రూపాయలు. దీదీకి యాభై ఏళ్లు ఉంటాయి. భర్త పెన్షను తీసుకున్న హవల్దారు. ఆయన మాట్లాడగా మేం వినలేదు. ఆవిడ ఆగగా వినలేదు.

సాయంత్రం ఒంటరిగా ఇంటి వెనక్కి వెళ్లాను. ఎదురుగా లోయ. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి నీలంగా కొండలు. రెండు వేళ్లు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాను. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కింద బజార్లో ఎవరో చెంచా కింద పడేస్తే నాకు వినిపించింది. ఢిల్లీలో జనం ఎక్కువని ఈల వేయలేకపోయాను. ఇక్కడ చప్పుడు తక్కువని వేయలేకపోయాను. చెయ్యి దించి, జుట్టు సర్దుకున్నట్టు నటించాను. ఎవరికోసం నటించానో తెలియదు. అక్కడ ఒక మేక తప్ప ఎవరూ లేరు.

రాత్రి భోజనంలో నల్లని రొట్టెలు పెట్టారు. మండువా అంటారు. ఆంటీ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "ఇవి చోళ్లు కదే," అన్నారు. అనకాపల్లిలో రాగుల్ని అలాగే అంటారట. ఇరవై ఏళ్లు ఢిల్లీలో గోధుమ రొట్టెలు తిన్నావిడ, వెయ్యి మైళ్ల అవతల కొండమీద చోడి రొట్టె చూసి చుట్టాన్ని చూసినట్టు పొంగిపోయారు. చోడి అంబలి ఎలా కాయాలో చేతులతో చెప్పారు. బీనా దీదీ ఊదలతో పాయసం ఎలా వండాలో చేతులతో చెప్పారు. మధ్యలో చట్నీ వచ్చింది. అది భంగు గింజల చట్నీ అని తెలిసి అంకుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నేను సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగినమ్మా."

"గింజల్లో మత్తుండదు భాయీసాబ్," అని దీదీ పడీపడీ నవ్వారు.

అంకుల్ కొంచెం నాకారు. మళ్లీ నాకారు. గిన్నె ఖాళీ అయ్యాక, "నిజమే, ఏమీ ఎక్కలేదు," అన్నారు కాస్త నిరాశగా.

పడుకోబోయేముందు దీదీ ఒక మాట చెప్పారు. రేపు అడవి దారిలో నడిచేటప్పుడు మబ్బు దిగితే ఎవరూ నడవకూడదు. ఎక్కడివాళ్లు అక్కడ నిలబడాలి. ఎవరైనా తప్పిపోతే, ఒకళ్లే, ఒకేచోట నిలబడి పిలవాలి. అందరూ తలో దిక్కున అరిస్తే పోయినవాళ్లు ఇంకా దూరం పోతారు. మేం నలుగురం బుద్ధిగా తలలు ఊపాం.

పోకిరీ పిట్ట

తెల్లవారుజామున ఎవరో ఈల వేశారు.

ఢిల్లీలో ఆడపిల్లకి ఈల వినిపిస్తే అర్థం ఒకటే. నిద్రలోనే చున్నీ వెతుక్కున్నాను. మళ్లీ వినిపించింది. పొడుగ్గా, తీయగా, రాగం ఎక్కడికి పోవాలో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టినట్టు. ఇంత బాగా ఈలవేసే రౌడీ ఎవరా అని కిటికీ తెరిచాను. నీళ్లతొట్టి అంచున ముదురు నీలం పిట్ట, ముక్కు పసుపు. దాన్ని కస్తూరా అంటారని తర్వాత దీదీ చెప్పారు.

నేను పెదాలతోనే, చాలా చిన్నగా, దాని రాగం దానికి తిరిగి ఇచ్చాను. పిట్ట ఆగి తల వాల్చి చూసింది. ఇంకోటి వేసింది. నేనూ వేశాను. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, నవ్వొచ్చి పెదాలు నిలవడంలేదు. మూడోసారికి పక్కగదిలోంచి ఆంటీ గొంతు.

"ఎవరే ఆ ఈల?"

"పిట్ట ఆంటీ."

"పిట్టా? పోకిరీ పిట్ట. కిటికీ వేసి పడుకో."

టిఫిను దగ్గర అంకుల్ దీదీని అడిగారు, మీ దగ్గర ఆడవాళ్లు ఈల వేయొచ్చా అని. దీదీ ఆలోచించి, పగలు ఫర్వాలేదు, చీకటిపడ్డాక వేస్తే మాత్రం దయ్యం బదులు పలుకుతుంది, ఆ నియమం మగవాళ్లకీ ఉంది అన్నారు. "చూశావా," అన్నారు అంకుల్. "ఇక్కడ దయ్యాలు కూడా ఆడా మగా తేడా చూడవు." ఆంటీ ఆయన ప్లేటులో ఇంకో పరాఠా వేసి నోరు మూయించారు.

మబ్బు

అడవి దారి చల్లగా, పైన్ చెట్ల వాసనతో ఉంది. నేల నిండా ఎండిన పైన్ సూదులు, తివాచీలా మెత్తగా, కానీ నూనె రాసినట్టు జారుడు. అంకుల్ ఒకసారి కూర్చున్నారు. లేచి, "సీనరీ చూద్దామని," అన్నారు.

ఆంటీ చేతిలో పులిహోర స్టీలు డబ్బా ఉంది. తినడం అయ్యాక అది ఖాళీ అయింది. ఖాళీ డబ్బా ఆంటీ చేతిలో ఎప్పుడూ ఖాళీగా ఉండదు. దారి పొడుగునా రాలిన పైన్ కాయలు చూసి, దసరా బొమ్మల కొలువులో కొండ పెట్టొచ్చు అని ఏరడం మొదలుపెట్టారు. పై కాయకన్నా కింది కాయ బాగుంది, దానికన్నా ఇంకా కిందిది. "మీరు నడుస్తూ ఉండండి, వస్తున్నా," అన్నారు. మేం నడుస్తూ మలుపు తిరిగి ఒక బండ మీద కూర్చున్నాం.

అప్పుడు లోయలోంచి మబ్బు లేచింది. దూరంగా ఉందనుకున్నది చెట్ల మధ్యనుంచి నడిచి వచ్చి మా మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న శ్రావ్య ఎర్ర స్వెటరు గులాబీ రంగైంది, తర్వాత బూడిద రంగైంది. మొదట మేం నవ్వుకున్నాం. మబ్బులో ఉన్నాం, మబ్బు తింటున్నాం అని శ్రావ్య నోరు తెరిచి గాలి కొరికింది. అంకుల్ నవ్వలేదు.

"మీ అమ్మ ఏదే?"

అంకుల్ లేచి పిలిచారు. ఆయన ఆంటీని ఎప్పుడూ పేరు పెట్టి పిలవరు. "ఇదిగో," అంటారు. అక్కడ కూడా "ఇదిగో" అనే అరిచారు. "ఇదిగో, ఎక్కడా?" మబ్బులో ఆ మాట పత్తిలో రాయి వేసినట్టు మునిగిపోయింది. శ్రావ్య "మమ్మీ" అని కిందివైపు పరుగెత్తబోయింది, నేను స్వెటరు పట్టుకుని ఆపాను. దారికి అటువైపు వాలు, ఆ వాలు చివర ఏమీ లేదని వచ్చేటప్పుడు చూశాం. ఆ సూదుల మీద ఆంటీ ఒక అడుగు తప్పు వేస్తే. నేను ఆ ఆలోచన అక్కడితో ఆపాను.

చాలా సన్నగా ఆంటీ గొంతు వినిపించింది. "ఎటున్నారు? ఏమీ తెలియట్లేదు." ఆ గొంతు కుడివైపుదో ఎడమవైపుదో మాకూ తెలియలేదు. చెట్లలో గాలి హోరు. అంకుల్ ఈసారి "వరలక్ష్మీ" అని పేరుపెట్టి పిలిచారు. ఆ పిలుపు సగంలో విరిగింది. ఆయన కిందికి దిగబోయారు.

"అంకుల్, వద్దు. దీదీ చెప్పారు కదా. ఒకళ్లే, ఒకేచోట నుంచి."

"నా గొంతు పోతోందమ్మా. దానికి వినబడట్లేదు."

నా రెండు వేళ్లు అప్పటికే చల్లబడి ఉన్నాయి. ఆదివారం ఫోన్ గుర్తొచ్చింది. అమ్మ ముఖం, నాయనమ్మ చీపురు, ముత్యాలు రాల్తాయన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. బండ మీదికి ఎక్కాను. వేళ్లు నాలిక కింద పెట్టి వేశాను.

ఆ ఈల నాది అని నేనే నమ్మలేకపోయాను. మబ్బుని కత్తెరతో కోసినట్టు తిన్నగా వెళ్లింది. శ్రావ్య చెవులు మూసుకుంది. అంకుల్ నోరు తెరుచుకుని నన్ను చూశారు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత కింద ఎక్కడినుంచో, టంగ్ టంగ్.

స్టీలు డబ్బా మీద మూత.

"మమ్మీ," అంది శ్రావ్య, ఏడుస్తూ, నవ్వుతూ.

నేను మళ్లీ ఈల వేశాను. టంగ్ టంగ్ అని జవాబు. మళ్లీ ఈల, మళ్లీ టంగ్. ప్రతిసారీ డబ్బా కొంచెం దగ్గరైంది. ఒకసారి ఆగిపోయింది. నాకు ఊపిరి అందలేదు. పొడుగ్గా వేశాను, ఉన్న గాలంతా పెట్టి వేశాను. టంగ్. అంకుల్ బండకి ఆనుకుని, ప్రతి టంగుకీ "ఊఁ" అంటున్నారు, కథ వింటున్న పిల్లాడిలా. నా పెదాలు మొద్దుబారాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇంత సంతోషం జీవితంలో ఎప్పుడూ పడలేదని అప్పుడే అనిపించింది. సిగ్గేసింది. అయినా ఇంకోటి వేశాను.

మబ్బులోంచి ముందు డబ్బా వచ్చింది, తర్వాత చెయ్యి, తర్వాత ఆంటీ. మోకాళ్ల దాకా మట్టి, జడలో పైన్ సూదులు. డబ్బాలో కాయలు అలాగే ఉన్నాయి.

అంకుల్ ఆవిడ భుజం పట్టుకుని, "ఇదిగో," అన్నారు.

"ఎవరండీ ఆ మిలటరీ అబ్బాయి?" ఆంటీ ఆయాసంతో చుట్టూ చూశారు. "దేవుడిలా వచ్చాడు. ఆ ఈల లేకపోతే నేను ఇటు రావలసింది అటు పోయేదాన్ని. ఏడీ, ఒక దణ్ణం పెట్టుకుంటాను."

శ్రావ్య నా చెయ్యి పైకెత్తింది.

"మమ్మీ, వో మిలటరీవాలా యే హై."

ఆంటీ నన్ను చూశారు. నా తడి వేళ్లు చూశారు. నేను వాటిని చున్నీలో దాచుకున్నాను. ఆవిడ కూర్చుని, డబ్బా మూత పెట్టి, "పదండి, చలేస్తోంది," అన్నారు. అంతే.

కాసేపటికి మబ్బు వచ్చినంత తొందరగా వెళ్లిపోయింది. ఎదురుగా కొండ కడిగినట్టు నిలబడింది. దారిలో శ్రావ్య నా చెవిలో, "దీదీ, ఏక్ బార్ ఔర్," అని ఇంకో ఈల అడిగింది. ఆంటీ ముందు నడుస్తున్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

తిరుగు దారి

పౌడీ గృహప్రవేశంలో పప్పు, పూరీ, బూరాన్‌శ్ పూల షర్బతు పెట్టారు. షర్బతు ఎర్రగా, గులాబీకీ దానిమ్మకీ మధ్య రుచి. నాకది సగమే గుర్తుంది. ఆంటీ నాతో మాట్లాడుతున్నారు, కానీ ఆ సంగతి మాట్లాడటంలేదు. "తిన్నావా", "స్వెటరు వేసుకో", అంతవరకే. అంకుల్ ఒక్కసారి, "మా ఆఫీసులో ఈల కోటా ఉంటే ఉషకి రేపే ఉద్యోగం," అన్నారు. ఆంటీ చూసిన చూపుకి వ్యాను తనంతట తనే గేరు మార్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ దుగడ్డాలో ఆగాం. వాళ్లు టీ తాగుతుంటే నేను వంతెన దాకా నడిచాను. అటువైపు నిలువుగా కొండ. చుట్టూ చూడలేదు, జుట్టు సర్దుకోలేదు. వేళ్లు పెట్టి ఒక్కటి వేశాను. ఈల వెళ్లింది. నేను లోపల గాలి బిగబట్టుకుని నిలబడ్డాను. కొంచెం ఆగి, కొంచెం మెత్తబడి, అది తిరిగి వచ్చింది. పుస్తకాలు అబద్ధం చెప్పలేదు. వెనక్కి తిరిగితే టీకొట్టు దగ్గర ఆంటీ గ్లాసు పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఆ రోజు శనివారం, మర్నాడు ఆదివారం.

గంగ దాటాం, బెల్లం దుకాణాలు దాటాం, అంకుల్ అన్ని ట్రాక్టర్లకీ దారి ఇచ్చారు. వైశాలి చేరేసరికి సందె వేళ. కాలనీ అంతా కరెంటు లేదు. మెట్ల మీద ఆంటీ బెల్లం దిమ్మ ఒకటి నా చేతిలో పెట్టారు. పైన్ కాయల్లో మంచిది ఏరి దాని మీద పెట్టారు. అమ్మకి ఏం చెబుతారని అడగాలనుకుని అడగలేకపోయాను. గుడ్ నైట్ ఆంటీ అని రెండు మెట్లు ఎక్కాను. ఆవిడ తన గుమ్మం దగ్గర తాళం తీస్తూ, నావైపు తిరక్కుండానే అన్నారు.

"సోమవారం నుంచి మిస్డ్ కాల్ ఇవ్వకమ్మాయ్. కింద నిలబడి ఒక ఈల వెయ్యి, తాళంచెవి పడేస్తాను. ఎవరైనా ఏమన్నా అంటే, ఆంటీ వెయ్యమంది అని చెప్పు."